మా రోజుల్లో చట్రం ముందు, బొమ్మ తర్వాత

ఇప్పటి కుర్రాళ్లు వందలకొద్దీ ఫొటోలు తీస్తారు. వాటన్నిటినీ కంప్యూటర్‌లో పోసి టైమ్‌లాప్స్ వీడియో కడతారు. రంగులు దిద్దుతారు, పాట తగిలిస్తారు. అంతా అయ్యాక, ఎక్స్‌పోర్ట్ బటన్ మీద వేలు పెట్టాక అప్పుడడుగుతారు, "సైజు ఎంత పెట్టాలి?" అని. మా రోజుల్లో ఆ ప్రశ్న మొట్టమొదట వచ్చేది. గిరాకీ స్టూడియో గుమ్మం ఎక్కగానే మా గురువుగారి నోట వచ్చే మొదటి మాట "ఏ సైజు కావాలి?" అన్నదే. సైజు తేలిందాకా కెమెరా మూత తీసేవారు కాదు.

అది ఛాదస్తం అనుకునేవారు ఉన్నారు. కాదు. బొమ్మ ఎక్కడ కనిపించబోతోందో తెలియకుండా బొమ్మ తీయలేం. కాగితం మీదా, తెర మీదా, గోడ మీదా? అడ్డమా, నిలువా? ఇది తేలితేనే మనిషిని ఎంత దూరంలో నిలబెట్టాలో, తలపైన ఎంత ఖాళీ వదలాలో తెలుస్తుంది. ఈ చిన్న క్రమశిక్షణ పోయినందుకే ఇవాళ వీడియోల్లో చెట్లు పొట్టివవుతున్నాయి, మనుషులు లావెక్కుతున్నారు, సైకిలు చక్రాలు కోడిగుడ్లవుతున్నాయి.

శబరి నది ఒడ్డున కుంట ఊళ్లో మా స్టూడియో ఉన్న రోజులకు మా బస్తర్ ఇంకా మధ్యప్రదేశే. మా వైపు ఏ స్టూడియోలో చూసినా యాషికా పెట్టె కెమెరా ఉండేది. 120 రీలు వేస్తే 12 బొమ్మలు. ఒక్కోటి 6 సెంటీమీటర్ల చదరం. పైనుంచి గాజుపలక మీదకు వంగి చూస్తే ఎదుటి మనిషి కుడి ఎడమలు తారుమారై కనిపించేవాడు. చదరం బొమ్మను చదరంగా కావాలని ఎవరూ అడగరు. కార్డు సైజు అంటారు, క్యాబినెట్ సైజు అంటారు. అంటే నెగటివ్‌లో కొంత పోక తప్పదు. ఏ భాగం పోవాలో కెమెరా దగ్గరే నిర్ణయించుకుని, ఆ మేరకు పక్కల ఖాళీ వదిలి తీసేవాళ్లం. డార్క్ రూములో ఎన్‌లార్జర్ కింద ఈజిల్ మీద నల్ల పట్టీలు జరిపి, కావలసినంతే కాగితం మీద పడేలా చూసేవాళ్లం. కత్తిరింపు ఉండేది. సాగదీయడం మాత్రం లేదు. ఎన్‌లార్జర్ ఎత్తితే బొమ్మ నాలుగు వైపులా ఒకే పాళ్లలో పెరుగుతుంది, దించితే అలాగే తగ్గుతుంది. ఒక పక్కకే లాగుదామన్నా ఆ యంత్రం లాగదు.

తర్వాత 35 మిల్లీమీటర్ల రీలు వచ్చింది. అందులో ఒక్కో బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. అంటే మూడుకు రెండు. ఈ లెక్క ఊరికే పుట్టింది కాదు. సినిమా రీలులో బొమ్మ వెడల్పు 24, ఎత్తు 18 మిల్లీమీటర్లు, అంటే నాలుగుకు మూడు. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే పనివాడు అదే రీలును అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటు కలిపి ఒక ఫొటో తీశాడు. 1925లో లైకా కెమెరా ఆ లెక్కతోనే మార్కెట్‌లోకి వచ్చింది. నూరేళ్లు గడిచినా ఇవాళ్టి పెద్ద డిజిటల్ కెమెరాలు అదే మూడుకు రెండులో తీస్తున్నాయి. సెల్‌ఫోన్లు మాత్రం పాత సినిమా లెక్క పట్టుకుని నాలుగుకు మూడులో తీస్తున్నాయి. టీవీ తెర పదహారుకు తొమ్మిది. ఫోను నిలువుగా పట్టుకుంటే తొమ్మిదికి పదహారు. ఇన్ని కొలతలు ఒకదానితో ఒకటి సరిపడవు. సరిపడవన్న సంగతి తెలుసుకోవడమే పనిలో మొదటి పాఠం.

మా దగ్గర ఆ పాఠం చెప్పింది 12×15 ఫొటో. 4×6, 8×12, 12×18 కాగితాలు మూడుకు రెండుతో చక్కగా కుదురుతాయి. కానీ ఇంటి గోడకు అద్దం కట్టించుకునే పెద్ద ఫొటో అంటే జనం 12×15 అడిగేవారు. 18 అంగుళాలు రావలసిన పొడవు 15కు తగ్గితే ఆరో వంతు పోయినట్టే. పెళ్లి గుంపు ఫొటోలో ఆ ఆరో వంతు రెండు చివరలా పోతుంది. చివర నిలబడేది ఎవరు? మేనమామలు, బావమరుదులు. మేనమామ భుజం తెగిన ఫొటో ఇస్తే ఆ పెళ్లివారు మళ్లీ స్టూడియో మెట్లెక్కరు. అందుకే గురువుగారు గుంపు ఫొటోకు ముందు మాచేత రెండడుగులు వెనక్కి వేయించేవారు. "కాగితానికి తగ్గట్టు నిలబెట్టు, నెగటివ్‌కు తగ్గట్టు కాదు" అనేవారు. ఆ ఒక్క మాటలో ఇవాళ్టి ఎక్స్‌పోర్ట్ చదువు మొత్తం ఉంది.

సినిమా హాలువాళ్లకూ బొమ్మ చెడుతుందన్న భయం ఉండేది. 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్‌గా వచ్చింది. స్కోప్ పద్ధతిలో తీసేటప్పుడు ప్రత్యేకమైన లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి మామూలు రీలు మీద పడేస్తుంది. హాల్లో ప్రొజెక్టర్‌కు దానికి జోడీ లెన్సు పెడితే మళ్లీ రెట్టింపు విప్పుతుంది. టూరింగ్ టాకీసు ఆపరేటరు ఆ లెన్సు మార్చడం మరిచాడంటే తెర మీద మనుషులు వెదురు బొంగుల్లా సన్నగా నిలువుగా వచ్చేవారు. నేలక్లాసు నుంచి కుర్చీల దాకా ఈలలు, కేకలు. అర నిమిషంలో లెన్సు మారేది. నేల మీద కూర్చున్న కూలీకి కూడా బొమ్మ ఆకారం తప్పిందని తెలిసేది. ఒప్పుకునేవాడు కాదు. గమనించండి, ఆ నొక్కుడు కూడా మొదటి నుంచి చివరి దాకా లెక్కతో జరిగిన పని. నొక్కినవాడికి విప్పేవాడు ఎవరో ముందే తెలుసు. ఇవాళ కంప్యూటర్‌లో సాగదీసిన వీడియోను విప్పేవాడు ఎవరూ లేరు.

మా బస్తర్‌కు ఈ వెడల్పు తెర తెలుగు సినిమా కన్నా ముందే వచ్చింది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ 1950ల్లో ఇక్కడికొచ్చి, నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ ఊరి మురియా కుర్రాడు చెంద్రుతో 'ఎన్ జుంగెల్‌సాగా' అనే సినిమా తీశాడు. 1957లో విడుదలైంది, మరుసటేడు కాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. సంగీతం రవిశంకర్‌ది. ఆ సినిమా అగాస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతిలో తీశారు. అడవి నిలువుగా పెరుగుతుంది, ఆ తెర అడ్డంగా పరుచుకుంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదర్చడం తేలిక కాదు. అయినా ఆయన తెర కొలత తెలిసే కెమెరా వెంట తెచ్చాడు, దానికి తగ్గ చోట్లు చూసుకున్నాడు. తీసేశాక స్వీడన్ వెళ్లి అక్కడ చూసుకుందాంలే అనుకుంటే ఆ సినిమా ఉండేదే కాదు.

ఇక మా అడవి లోపలి ఊరు చింతలనార్ సంగతి. కుంట నుంచి దోర్నపాల్, అక్కణ్నుంచి జేగురుగొండ దారి పట్టుకుని పోలంపల్లి, చింతగుఫా దాటి వెళ్లాలి. మా రోజుల్లో సంతకు వెళ్లే సరుకుల బండి ఎక్కేవాళ్లం. కెమెరా ఒక సంచిలో, రీళ్లు తడవకుండా నూనె గుడ్డలో. సంతలో చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు కట్టలు, ఉప్పు, ఎండుచేపలు. కోయ, దోర్లా మాటల మధ్య తెలుగు, హిందీ, హల్బీ వినపడేవి. ఒక తెల్ల దుప్పటి చెట్టుకు కట్టి ఫొటోలు తీసేవాళ్లం. రీలు కడగడానికి మళ్లీ ఊరు చేరాలి, రంగు ప్రింట్లయితే ల్యాబు ఉన్న పట్నానికి పంపాలి. పై సంతకు ఫొటోలు పట్టుకెళ్తే, తమ మొహం మొదటిసారి కాగితం మీద చూసుకునేవాళ్లు ఉండేవారు. అటువంటి మనిషికి తలపైన కొప్పు తెగిన ఫొటో ఎలా ఇస్తాం? మళ్లీ తీద్దామంటే ఇంకో సంత దాకా ఆగాలి. కాబట్టి మొదటి దెబ్బకే కుదరాలి.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఆ దారి మూతపడ్డంత పనైంది. కెమెరా సంచి చూస్తే రెండు వైపులవాళ్లకూ అనుమానమే. 2010 ఏప్రిల్ 6న చింతలనార్ దగ్గర తాడ్‌మెట్ల అడవిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. మరుసటి సంవత్సరం మార్చిలో తాడ్‌మెట్ల, మోర్పల్లి, తిమ్మాపురం ఊళ్లలో ఇళ్లు కాలిపోయాయి. ఆ రోజు నుంచి దేశానికి చింతలనార్ అంటే ఒకే బొమ్మ. టీవీలో చింతలనార్ పేరు వచ్చిందంటే శవపేటికలు, తుపాకులు, మట్టిరోడ్డు. సంత లేదు, ఇప్పచెట్టు లేదు, పిల్లలు లేరు. ఒక ఊరి బతుకులో పెద్ద భాగం కోసేసి మిగిలిన ముక్కనే లోకానికి చూపించారు. ఏళ్ల తరబడి కాపలా మధ్య రోడ్డు పడింది. ఇప్పుడు ఆ ఊళ్ల కుర్రాళ్ల చేతుల్లోనే ఫోన్లు ఉన్నాయి, తమ ఊరిని తామే తీసుకుంటున్నారు. నాకు అంతకన్నా సంతోషం లేదు. అందుకే వాళ్లు బొమ్మను వంకర చేసి పంపిస్తుంటే ఊరుకోలేకపోతున్నాను.

ఈమధ్య ఆ వైపు కుర్రాడొకడు లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారుజామున ఫోను ఒక వెదురు గుంజకు కట్టి, ఐదు సెకన్లకు ఒకటి చొప్పున గంటసేపు ఫొటోలు తీశాడు. 720 ఫొటోలు. సెకనుకు 25 చొప్పున నడిపితే 29 సెకన్ల వీడియో. చీకటి విచ్చుతోంది, చెట్టు కింద ఊడ్చి పెట్టిన నేల మీద తెల్లటి పువ్వు పరుచుకుంటోంది, ఆడవాళ్లు, పిల్లలు గంపలతో వచ్చి ఏరుతున్నారు, నీడలు పొట్టివవుతున్నాయి. ఎంత ఓపిక! కళ్లు చెమర్చేంత మంచి పని. కానీ చెట్టు నేలకు అణిగిపోయింది. ఆడవాళ్ల భుజాలు అడ్డంగా సాగాయి. చెట్టుకు ఆనించిన సైకిలు చక్రం నిలువు తగ్గి కోడిగుడ్డయింది.

"ఆ చెట్టు ఎత్తెంత నాయనా?" అన్నాను.

"చాలా ఎత్తు తాతా. మా తాతల నాటిది."

"మరి ఇందులో పొట్టిగా ఉందేం?"

"తెర నిండా రావాలని ఫుల్ కొట్టాను తాతా. లేకపోతే రెండు పక్కలా నల్లగా వస్తోంది."

"నల్లగా వస్తే నీకేం నష్టం?"

"అందరూ సగం వీడియో అంటారు తాతా."

ఇదీ ఇవాళ్టి జబ్బు. తెర నిండాలి. తెర నిండడం కోసం తాతల నాటి చెట్టు అణిగినా పర్వాలేదు. కాలికి తగ్గ చెప్పు కొనాలి గానీ చెప్పుకు సరిపోవాలని కాలు చెక్కుకుంటామా?

వాడి ఫోను ఫొటో 4000 చుక్కల వెడల్పు, 3000 ఎత్తు. వీడియో 1920 వెడల్పు, 1080 ఎత్తు. మొదటిది నాలుగుకు మూడు, రెండోది పదహారుకు తొమ్మిది. నాలుగుకు మూడును పదహారుకు తొమ్మిదిలోకి లాగితే ప్రతిదీ మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. కంటికి వెంటనే తెలుస్తుంది. పెద్ద కెమెరాతో తీసిన మూడుకు రెండు ఫొటోలైతే సాగుడు నూటికి 18, 19 పాళ్లే. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చాలామందికి తెలియదు. ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. అలాంటి వీడియోలు పెళ్లి హాళ్లలో, సభల్లో, ప్రదర్శనల్లో ఎవరూ అడక్కుండా నడిచిపోతున్నాయి. స్కోప్ లెన్సు మరిస్తే ఈలలేసిన జనం ఇప్పుడు ఊరికే చూస్తూ కూర్చుంటున్నారు. ఇళ్లల్లోనూ అంతే. 1957 నాటి 'మాయాబజార్' చదరానికి దగ్గరి తెర కోసం తీసింది. దాన్ని కొత్త టీవీలో రిమోట్‌తో తెర నిండా లాగి చూస్తున్నారు. సావిత్రి మొహం వెడల్పైనా, మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల పలుచబడినా ఎవరికీ పట్టదు. నేను ఎవరింటికి వెళ్లినా రిమోట్ అడిగి తీసుకుని సరిచేస్తాను.

సాగదీయకుండా ఉండాలంటే ఉన్న దారులు రెండే. ఒకటి కోయడం, రెండోది పక్కలు వదిలేయడం. సాఫ్ట్‌వేర్‌లో వీటికి ఏ పేరున్నా సరే, ఫిట్ అంటే బొమ్మ మొత్తం ఉంచి ఖాళీని నల్లగా వదలడం, ఫిల్ లేదా క్రాప్ అంటే తెర నింపి మిగిలింది కోయడం. స్ట్రెచ్ అనే మూడోది ఉంటుంది. దాని జోలికి పోవద్దు.

కోద్దామనుకుంటే ఎంత పోతుందో ముందే తెలుసుకోవాలి. 4000×3000 ఫొటోను పదహారుకు తొమ్మిదిగా కోస్తే 4000×2250 మిగులుతుంది. ఎత్తులో నాలుగో వంతు పోయింది. పెద్ద కెమెరా 6000×4000 ఫొటో అయితే 6000×3375 మిగులుతుంది. ఆరో వంతు కన్నా కాస్త తక్కువ పోతుంది. వాడి ఇప్పచెట్టు విషయంలో నాలుగో వంతు అంటే కొమ్మల చివళ్లన్నా పోవాలి, పువ్వు ఏరే చేతులన్నా పోవాలి. పువ్వు రాలేది పైనుంచి, ఏరేది కిందనుంచి. ఏది పోయినా కథ లేదు. నిలువు వీడియో చేద్దామా అంటే అంతకన్నా ఘోరం. అడ్డంగా తీసిన ఆ ఫొటో నుంచి తొమ్మిదికి పదహారు కోస్తే 3000 ఎత్తుకు 1687న్నర వెడల్పు వస్తుంది. సగం కన్నా ఎక్కువ బొమ్మ పోతుంది. పైగా చుక్కను సగానికి కోయలేం. మామూలుగా వాడే వీడియో పద్ధతులు బేసి సంఖ్యలను కూడా ఒప్పుకోవు, 1688 లాంటి సరిసంఖ్య పెట్టాలి. చివరికి బొమ్మ మొత్తాన్ని 1440×1080గా ఉంచి, రెండు పక్కలా 240 చుక్కల నలుపు వదిలేశాం. చెట్టు లేచి నిలబడింది. చక్రం గుండ్రమైంది. వాడు చాలాసేపు చూసి, "ఇదే మా చెట్టు తాతా" అన్నాడు.

విడి ఫొటోలో తప్పయితే ఒక్క ఫొటోతో పోతుంది. టైమ్‌లాప్స్‌లో తప్పు ఏడొందల ఫొటోల్లోనూ ఒకేలా ఉంటుంది. కోత కూడా విడి ఫొటోకు చూసినట్టు చూస్తే చాలదు. మొదటి ఫొటోలో ఖాళీగా ఉన్న ఆకాశం కోసేస్తాం, ముప్పావుగంట తర్వాత మబ్బు సరిగ్గా అక్కడికే వస్తుంది. మొదట్లో ఎవరూ లేని కింది అంచు కోసేస్తాం, తర్వాత పిల్లలు అక్కడే కూర్చుంటారు. కాబట్టి కోత పెట్టేముందు మొదటిది, నడిమిది, ఆఖరుది, మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మధ్యలో ఫోను తిప్పి ఒక ఫొటో నిలువుగా, ఒకటి అడ్డంగా తీసి ఉంటే వాటిని ముందే ఏరి పారేయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మొదటి ఫొటో కొలతనే అన్నిటికీ కొలతగా తీసుకుంటాయి. ఆ మొదటిదే తేడాదైతే మిగతా అన్నీ దాని వెంట వంకర పోతాయి.

ఈ లెక్కలు కొత్తవి కావు. పెళ్లి క్యాసెట్ల కాలంలోనే మా మీద పడ్డాయి. అప్పటి టీవీ తెర నాలుగుకు మూడు. మన దేశంలో నడిచిన పాల్ పద్ధతిలో డిజిటల్ వీడియో 720×576 చుక్కలు. భాగించి చూడండి, ఐదుకు నాలుగు వస్తుంది, నాలుగుకు మూడు రాదు. ఎందుకంటే ఆ వీడియోలో చుక్కలు చదరం కావు, ఎత్తు కన్నా వెడల్పు కాస్త ఎక్కువ. పెళ్లి ఫొటోను క్యాసెట్ మధ్యలో పెట్టాలంటే కంప్యూటర్‌లో ముందు 768×576గా తయారు చేసుకోవాలి, అప్పుడు తెర మీద పెళ్లికూతురి బొట్టు గుండ్రంగా వస్తుంది. ఆ సంగతి తెలియనివాళ్లు 720×576గా తయారు చేసి పెడితే బొట్టు అడ్డంగా సాగేది. ఈ తేడా పట్టుకోవడానికి మేం వారాలు తలలు పట్టుకున్నాం. ఇవాళ్టి వీడియోల్లో చుక్కలు చదరంగా ఉంటాయి, పని సగం తేలికైంది. తేలికైన పనిని నిర్లక్ష్యం చేస్తే ఏమనాలి?

ఆకారం తప్పితే ఏమవుతుందిలే అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి వెనక్కి తన్ని కుంట మీదకు వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. వరద నీరు ఎక్కడం టైమ్‌లాప్స్‌లో తీసిన వీడియోలు ఇప్పుడు బోలెడు కనిపిస్తున్నాయి. ఎంత విలువైన సాక్ష్యం! కానీ అడ్డంగా సాగదీసిన వీడియోలో గట్టు పొట్టిగా, ఏరు బారుగా కనిపిస్తుంది. నీరు ఎక్కిన ఎత్తు కంటికి తక్కువగా తోస్తుంది. తెర నింపాలని పైన కోస్తే అడుగుల గుర్తులు ఉన్న స్తంభం పై భాగమే పోతుంది. రేపు ఆ వీడియో చూసి మనుమలు ఏం తెలుసుకుంటారు? మా కొమ్ము కోయ నాట్యంలోనూ అంతే. తలపాగా మీది అడవిదున్న కొమ్ములే ఆ వేషానికి ప్రాణం. పదహారుకు తొమ్మిదిలోకి గబగబా కోసిన వీడియోల్లో కొమ్ముల చివరలు తెగిపోయి ఉంటాయి. కొమ్ములు లేని కొమ్ము కోయను లోకానికి చూపించి ఏం ప్రయోజనం?

ఇప్పటి వాళ్లకు ఉన్న సౌకర్యాలు మాకు లేవు, ఆ మాట ఒప్పుకుంటాను. రీలు ఖర్చు లేదు, కడిగే మందులు లేవు, తీసిన మరుక్షణమే చూసుకోవచ్చు. చాలా కెమెరాల్లో పదహారుకు తొమ్మిది గీతలు తెర మీదే పెట్టుకోవచ్చు. రా (RAW) ఫైలు తీసుకుంటే గీతల బయటిది కూడా పోకుండా ఉంటుంది. మంచి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మాకు ఒక్క రీలుకు 12 అవకాశాలుంటే వీళ్లకు లెక్కే లేదు. ఇన్ని ఉండి కూడా ఫలితం మాకన్నా వంకరగా రావడమే నా బాధ. పనిముట్టు వాయిదా వేసుకునే వీలిచ్చింది కదా అని ఆలోచనను కూడా వాయిదా వేశారు. తర్వాత చూసుకుందాం అన్న మాట మా రోజుల్లో డార్క్ రూములో చెల్లేది కాదు.

కాబట్టి పిల్లలకు చెప్పేది ఇది. ఫోను గుంజకు కట్టేముందు ఈ వీడియో ఎక్కడ ఆడబోతోందో తేల్చుకోండి. టీవీకో, హాలుకో అయితే ఫోను అడ్డంగా పెట్టి, పైనా కిందా ఎనిమిదో వంతు చొప్పున పోతుందని లెక్కేసుకుని అసలు విషయాన్ని నడిమికి తెండి. ఫోనులోనే చూసేదైతే మొదటి నుంచి నిలువుగా కట్టండి. రెండూ కావాలంటే రెండు ఫోన్లు పెట్టండి, లేదా ఒకటి వదులుకోండి. వెలుతురు, రంగు, ఫోకస్ ఆటోమేటిక్‌లో వదలకండి, వీడియో మిణుకుమిణుకుమంటుంది. తీసిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేముందే ప్రాజెక్ట్ కొలత పెట్టుకుని, కోతను మొదటి, నడిమి, ఆఖరి ఫొటోల మీద సరిచూసి, అప్పుడు ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లండి. కోయలేని బొమ్మ అయితే నల్ల పట్టీలు వదలండి. నల్ల పట్టీ ఎవరినీ మోసం చేయదు.

చింతలనార్ పిల్లలకు మరీ మరీ చెబుతున్నాను. మీ ఊరిని ఇన్నాళ్లూ బయటివాళ్లు తమకు కావలసినంత మేర కోసి చూపించారు. ఇప్పుడు మీ చేత్తో మీరు చూపించే చెట్టు దాని ఎత్తు అది ఉండాలి, మనిషి తన ఒడ్డూపొడుగుతో తాను ఉండాలి. వీడియో ఎవరికైనా పంపేముందు అందులో ఎదురుగా గుండ్రంగా ఉండవలసిన వస్తువు ఒకటి వెతకండి. సైకిలు చక్రమో, డోలు మొహమో, నుదుటి బొట్టో ఏదైనా సరే. అది గుండ్రంగా లేకపోతే ఆ వీడియో పంపకండి, వెనక్కి వెళ్లి కొలత సరిచేయండి.